కోత పండుగ బల్ల మీద కంప్యూటరు పుస్తకం

ప్రభావతి గారు ఏ పుస్తకాన్నయినా వెనక నుంచి తెరుస్తారు. చివర పదసూచిక ఉందా లేదా అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. పదసూచిక లేని పుస్తకం ఆవిడ దృష్టిలో చీటీ అంటించని సీసా; లోపల ఉన్నది నిమ్మరసమో గంధకామ్లమో తాగితే గాని తెలియదు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో పదవీవిరమణ వరకు భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించిన మనిషికి ఈ మాత్రం జాగ్రత్త ఉండడంలో వింత లేదు. ఆవిడ పనిచేసిన ఏ పాఠశాల ప్రయోగశాలలోనూ ఒక్క పిల్లవాడి వేలు కాలలేదు. జరగని ప్రమాదాలకు సన్మానాలు చేసే ఆచారం మన జిల్లాలో లేదు కనుక ఆ విషయం ఎవరికీ తెలియదు.

మొవ్వ దగ్గరి పల్లెలో, ఊడ్పులకూ కోతలకూ వెళ్ళిన తల్లి కడుపున పుట్టి, బందరులో మిషను హాస్టల్లో ఉండి చదువుకుని, బి.ఎస్సీ. పూర్తిచేసి, ఉద్యోగం పేరిట దివిసీమ అంతా తిరిగారావిడ. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ, ఎక్కడికి బదిలీ చేసినా చేరిన రోజే ప్రయోగశాల బీరువా తాళం తీయించేవారు. పెళ్ళి ప్రస్తావన ఎవరైనా తెస్తే, "ఆలోచించి చెబుతానండీ," అనేవారు. ఆ ఆలోచన ఇంకా పూర్తి కాలేదు.

ఉద్యోగం అయ్యాక బందరులో స్థిరపడ్డారు. ఆవిడ వెళ్ళే చర్చి ఆవరణలో ఒక పఠనాలయం ఉంది. రెండు కిటికీలు, ఒక అద్దాల బీరువా, ఒక పొడవాటి బల్ల, ఎవరో వదిలించుకుని దానమని పేరు పెట్టిన పాత కంప్యూటరు. సంఘం వారు ఆవిడకు ఆ గది తాళంచెవి ఇచ్చారు. మిగతావాళ్ళు ఎవరూ పుచ్చుకోలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆవిడ ఆ గదిని తన చివరి ప్రయోగశాలగా భావించారు. రోజూ సాయంత్రం తెరిచేవారు, బల్ల తుడిచేవారు, కూర్చునేవారు. ఎవరూ వచ్చేవారు కారు. ఆవిడ మాత్రం మరుసటి సాయంత్రం మళ్ళీ తెరిచేవారు.

సంఘ కార్యదర్శి అబ్రహాము గారికి ఆ గదిని చూసినప్పుడల్లా కుర్చీలు గుర్తొచ్చేవి. సంఘానికి పెళ్ళిళ్ళకూ సంస్మరణ కూటాలకూ వాడే ప్లాస్టిక్ కుర్చీలు చాలా ఉన్నాయి. వాటికి నిలువ నీడ లేదు. మనుషుల విషయంలో ఆయన ఇంత బాధపడగా చూసినవారు లేరు.

"టీచరుగారూ, మీ మీద గౌరవం కొద్దీ చెబుతున్నానండీ," అన్నారాయన కమిటీలో. "ఆ గదిలో పేపరు చదివేది మీరూ, మన వాచ్‌మనూ. వాచ్‌మన్ కూడా బొమ్మలే చూస్తాడు. అవతల కుర్చీలు వానకి తడుస్తున్నాయి."

"అవి ప్లాస్టిక్‌వి కదండీ."

"ప్లాస్టిక్ అయితే మాత్రం? మనవే కదండీ!"

చివరికి ఒక తీర్మానం చేశారు. కోత పండుగ నాటికి యువజనులకు పనికొచ్చే పుస్తకాలు తెచ్చి బీరువాలో పెట్టాలి. పండుగ ఆరాధన అయ్యాక కమిటీ వచ్చి చూస్తుంది. పుస్తకాలు ఉంటే గది ప్రభావతి గారిది, లేకుంటే కుర్చీలది. పుస్తకాలకయ్యే ఖర్చు స్త్రీల సమాజం భరిస్తుంది. ఏ పుస్తకాలు అన్న ప్రశ్నకు యువజన కార్యదర్శి ప్రీతి సమాధానం చెప్పింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఆ అమ్మాయి ప్రోగ్రామింగు నేర్పేవి, కంప్యూటరు మీద బొమ్మలు వేయడం నేర్పేవి, మనసును కుదుటపరిచేవి కావాలంది.

"ఫోన్లో అన్నీ ఉన్నాయి కదమ్మా," అన్నారు అబ్రహాము గారు.

"ఉన్నాయండీ. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమవుతుంది. ఆపేశాక నాకేం వచ్చో చూసుకుంటే ఏమీ ఉండదు. పుస్తకమైతే వేలు పెట్టుకుని ఆగొచ్చు."

ప్రభావతి గారు ఆ అమ్మాయిని అప్పుడు మొదటిసారి పరీక్షగా చూశారు. ఆగడం గురించి మాట్లాడిన విద్యార్థిని ఆవిడ చాలా ఏళ్ళ తరువాత చూడడం అదే.

బందరు దుకాణాల్లో ఉన్నవి పోటీ పరీక్షల పుస్తకాలు. అందుచేత ఆవిడ రైలెక్కి గుడివాడ వెళ్ళారు. అక్కడ బజారులో రాజ్ కుమార్ అనే అతని దుకాణం పెద్దది. అతనికి పుస్తకాల పట్ల ఒక నిష్పక్షపాత దృష్టి ఉంది: ఏదీ చదవడు.

"ప్రోగ్రామింగుకి ఇది తీసుకోండి మేడమ్. ముప్పై రోజుల్లో వచ్చేస్తుంది."

"ఏమొస్తుంది?"

"కోర్సు అయిపోతుందండీ."

"అయిపోవడం వేరు, రావడం వేరు కదా బాబూ." ఆవిడ పుస్తకం వెనక నుంచి తెరిచారు. పదసూచిక ఉండవలసిన చోట రచయిత ఫోటో ఉంది, కోటుతో.

"మరి ఇది చూడండి. ఇది పదిహేను రోజులే."

"వారంలో వచ్చేది కూడా ఉందా?"

"తెప్పిస్తానండీ!" అన్నాడతను ఉత్సాహంగా.

ఆవిడ స్టూలు అడిగి తీసుకుని కూర్చున్నారు. ఆ తరువాత జరిగినది కొనుగోలు అనడం కంటే వైద్య పరీక్ష అనడం సబబు. ప్రోగ్రామింగు పుస్తకాలలో మూడో అధ్యాయపు మొదటి అభ్యాసాన్ని కాగితం మీదికి ఎక్కించుకున్నారు. బందరు వెళ్ళి పఠనాలయపు కంప్యూటరులో కొట్టి చూశాక గాని కొనేది లేదన్నారు. అలా మూడుసార్లు గుడివాడ వచ్చారు. రెండు పుస్తకాలలో అచ్చయిన ప్రోగ్రాములు అచ్చయినట్టు కొడితే నడవలేదు. రచయితలు కూడా వాటిని నడిపి చూడలేదన్నది ఆవిడ నిర్ధారణ. మూడోది నడిచింది. పైగా అందులో తప్పు కొడితే తెర మీద ఏమని వస్తుందో, ఆ వచ్చినదాన్ని ఎలా చదవాలో ఒక అధ్యాయం ఉంది. విద్యార్థి తప్పు చేస్తాడని ముందుగా ఒప్పుకున్న పుస్తకం అదొక్కటే. ఆవిడ దాన్ని ఎంచుకున్నారు.

డిజిటల్ బొమ్మల పుస్తకాల సంగతి మరీ విడ్డూరం. రంగుల కలయిక నేర్పే పుస్తకం ఒకటి నలుపు తెలుపులలో అచ్చయింది. "ఎర్ర గడిని నొక్కి, పక్కనున్న నీలం గడితో పోల్చండి," అని ఉంది. బొమ్మలో రెండు గడులూ ఒకే బూడిద రంగు.

"ఇందులో ఎరుపేదో చూపించు బాబూ."

రాజ్ కుమార్ కళ్ళజోడు తీసి, పెట్టుకుని, వెలుతురులోకి వెళ్ళి వచ్చాడు. "ఊహించుకోవాలేమో మేడమ్. ఆర్టు కదా!"

చివరికి గీతలు, నీడలు, దూరం, దగ్గర గురించి ముందు చెప్పి, బటన్ల గురించి తరువాత చెప్పిన పుస్తకం దొరికింది. బటన్లు ఏడాదికోసారి మారతాయి. నీడ పడే దిక్కు మారదు. అదీ సంచిలో చేరింది.

ఇక మనసును కుదుటపరిచేవి. ఆ అరలో ఎన్ని పుస్తకాలున్నాయంటే, కృష్ణా జిల్లాలో ఒక్క మనిషికైనా చింత మిగిలి ఉండడం ఆశ్చర్యమనిపించింది. ఒకటి అద్దంలో చూసుకుని నవ్వమంది. ఒకటి బీపీ మాత్రలు ఆపేసి ఆశావాదం మొదలుపెట్టమంది. దాన్ని ఆవిడ రెండు వేళ్ళతో పట్టుకుని, పిల్లలకు అందని పై అరలో పెట్టేశారు. కోపం గురించి, నిద్ర గురించి రాసిన ఒక సన్నపాటి పుస్తకం మాత్రం మొదటి పేజీలోనే, కొన్ని వారాలైనా బాధ తగ్గకపోతే ఈ పుస్తకం మూసి డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పింది. తన హద్దు తెలిసిన పుస్తకం కనుక ఆవిడ దాన్ని నమ్మారు.

"ఇది సన్నగా ఉంది మేడమ్. కమిటీ వాళ్ళు ఒప్పుకోరు," అన్నాడు రాజ్ కుమార్. అతనికి పుస్తకాలు తెలియకపోయినా కమిటీలు తెలుసు.

అన్నట్టే అయింది. ఎంచుకున్న పుస్తకాలను ముందుగా చూపించినప్పుడు, అబ్రహాము గారు ఒక్కొక్కదాన్నీ చేత్తో పైకీ కిందికీ ఎత్తి చూశారు. బరువు చాలలేదు. సన్న పుస్తకంలో ఒక బొమ్మ దగ్గర ఆగి, "ఈయన కళ్ళు మూసుకుని కాళ్ళు మడిచి కూర్చున్నాడు. ఇది యోగా కాదు కదండీ?" అని అడిగారు.

"ఊపిరి పీల్చుకుంటున్నాడండీ."

"కుర్చీలో కూర్చుని పీల్చుకోవచ్చు కదా!"

కుర్చీల మీద ఆయనకున్న మమకారం తెలుసు కనుక ప్రభావతి గారు వాదించలేదు. పుస్తకాలకు అట్టలు వేశారు, సంఖ్యలు వేశారు.

కోత పండుగ వచ్చింది. మొవ్వ వైపు నుంచి వరికంకుల కట్టలు, తోట్లవల్లూరు నుంచి అరటి గెలలూ పసుపు కొమ్ములూ, గిలకలదిండి నుంచి ఐసులో పెట్టిన పండుగప్ప చేపలు, ఎవరెవరి పెరళ్ళ నుంచో గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు అన్నీ బలిపీఠం ముందున్న పొడవాటి బల్ల మీదికీ కిందికీ చేరాయి. పాస్టరుగారు ప్రార్థన చేశాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. ఆ వేలంలో సరుకు విలువ ఎవరూ చూడరు. ఎవరు పాడారన్నది చూస్తారు. పైగా పాడుకున్నవాళ్ళు చాలామంది తమ వస్తువును అక్కడికక్కడే సంఘానికి తిరిగి ఇచ్చేస్తారు. అది మళ్ళీ వేలానికి వస్తుంది. ఒక్క గుమ్మడికాయ ముగ్గురి ప్రతిష్ఠను కాపాడి, నాలుగోవాడి పులుసులోకి వెళ్ళిన సందర్భాలు ఉన్నాయి.

"పుస్తకాలు కూడా బల్ల మీద పెట్టండి టీచరుగారూ. పాస్టరుగారు ప్రార్థనలో కలిపేస్తారు," అన్నారు అబ్రహాము గారు. ఆ మాట దురుద్దేశంతో అన్నారని చెప్పలేం. అంత దూరం ఆలోచించే అలవాటు ఆయనకు లేదు.

ప్రతి పుస్తకాన్నీ మూడో అధ్యాయం దాకా పరీక్షించిన ప్రభావతి గారు ఈ సలహాను పరీక్షించలేదు. పుట్టినప్పటి నుంచి కోత పండుగలు చూస్తున్న మనిషి. ఆ బల్ల మీదికి వచ్చిన ఏ వస్తువూ మళ్ళీ మనిషి చేతికి ఊరికే రాదన్న నియమం ఆవిడకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అయినా గుమ్మడికాయకూ అరటి గెలకూ మధ్య ఉన్న కాస్త జాగాలో పుస్తకాల దొంతర స్వయంగా అమర్చి, అంచులు సమానంగా సర్ది వచ్చారు.

ఆరాధన అయింది. వేలం మొదలైంది. కోళ్ళు వెళ్ళాయి, గెలలు వెళ్ళాయి. వేలం పాడించే అబ్రహాము గారి చేతిలోకి ప్రోగ్రామింగు పుస్తకం వచ్చింది. "కంప్యూటరు పుస్తకమండీ, సరికొత్తది, అట్ట కూడా వేసి ఉంది! ఎవరంటారు?"

ప్రభావతి గారు లేచి నిలబడ్డారు. నిండు సభలో ఆవిడ లేవడం అదే మొదలు.

"అబ్రహాము గారూ, అవి వేలానికి కాదండీ. గదికి."

అబ్రహాము గారు పుస్తకం వైపు, బల్ల వైపు, పాస్టరుగారి వైపు చూశారు. "బల్ల మీదికి వచ్చాయి కదండీ. దేవుడి బల్ల మీదివి మనం వెనక్కి తీసుకోగలమా?"

పాస్టరుగారు ఆకాశం వైపు చూశారు. అది ప్రార్థన కావచ్చు, వాన గురించి కావచ్చు. ప్రభావతి గారు కూర్చున్నారు. తప్పు బల్ల మీద పెట్టినవారిది, అంటే తనది. అయితే ఒక ఆశ మిగిలింది. ఎవరు పాడుకున్నా ఆనవాయితీ ప్రకారం తిరిగి సంఘానికి ఇచ్చేస్తారు. ఈసారి బల్ల మీదికి పోనివ్వకుండా నేరుగా బీరువాలో పెట్టవచ్చు.

పాట ఎలీషా గారు అందుకున్నారు. గిలకలదిండి రేవులోని పడవలకు ఐసు సరఫరా చేసే ఫ్యాక్టరీ ఆయనది. ఆయన అందుకున్నారు కనుక ఆయన చెల్లెలి భర్త జకరయ్య గారూ అందుకున్నారు. గుడివాడలో బస్సుల కంట్రోలరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న జకరయ్య గారికి ఈ పండుగ ఏడాదికొక యుద్ధం. ప్రోగ్రామింగు అంటే ఏమిటో ఇద్దరికీ తెలియదు. అందుచేత ఇద్దరూ సమవుజ్జీలు. ఎలీషా గారు గెలిచారు. బొమ్మల పుస్తకమూ ఆయనే గెలిచారు. మిగిలింది కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పే సన్న పుస్తకం.

"బావా, ఇది నాకు వదిలెయ్," అన్నారు జకరయ్య గారు.

"ఎందుకు వదలాలి బావా? నాకు కోపం లేదా?"

"నీకుంది కాబట్టే నాకు కావాలంటున్నా. ఇంటికెళ్ళి మీ చెల్లెలికి చదివి వినిపిస్తా, ఆమెదీ మీ ఇంటి కోపమే."

"నా చెల్లెలి జోలికి రాకు!"

"పెళ్ళి చేసి పంపింది నువ్వే కదా!"

ఇద్దరి కండువాలూ భుజాల మీద నుంచి జారాయి. ఎలీషా గారు బల్ల గుద్ది పాట పెంచారు. బల్ల మీద మిగిలిన గుమ్మడికాయ దొర్లి కింద పడి పగిలింది. అబ్రహాము గారు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని గబగబా ముగించి, శాంతిని బోధించే పుస్తకాన్ని బల్ల గుద్దిన ఎలీషా గారి చేతుల్లో పెట్టారు.

"తిరిగి సమర్పిస్తున్నారాండీ?" అని ఆనవాయితీ ప్రకారం అడిగారు.

ఎలీషా గారు నోరు తెరిచారు. ఆ క్షణంలో జకరయ్య గారు నలుగురికీ వినబడేట్టు అన్నారు:

"ఇచ్చేస్తాడు లెండి. వాళ్ళింట్లో అవి చదివేవాళ్ళెవరున్నారు?"

ఎలీషా గారు నోరు మూసుకుని, మళ్ళీ తెరిచారు. "ఇవ్వను. అన్నీ ఇంటికి తీసుకెళ్తున్నా."

ఆ విధంగా ఒక బావ వెక్కిరింత వల్ల ప్రభావతి గారి గది పోయింది. కమిటీ వచ్చి ఖాళీ బీరువా చూసింది. అబ్రహాము గారు విచారం నటించడానికి చేయగలిగినంతా చేశారు. వచ్చే ఆదివారం తాళంచెవి ఇస్తే చాలన్నారు.

మర్నాడు ఆవిడ ఎలీషా గారింటికి వెళ్ళారు. పుస్తకాలు టీవీ మీద లేసు గుడ్డ పరుచుకుని కూర్చున్నాయి. పక్కన ప్లాస్టిక్ గులాబీలు.

"మీకివ్వాలనే ఉందండీ టీచరుగారూ. కానీ పదిమందిలో అనేశాను. ఇప్పుడిస్తే మా బావ గుడివాడ దాకా నవ్వుకుంటూ వెళ్తాడు."

"ఇవ్వద్దండీ," అన్నారు ప్రభావతి గారు కాసేపు ఆలోచించి. "మీ ఇంట్లో చదివేవాళ్ళు లేరన్నారు కదా జకరయ్య గారు. మీ వరండాలో కూర్చుని చదివితే మీ ఇంట్లో చదివినట్టే కదా."

ఎలీషా గారి ముఖం నెమ్మదిగా విప్పారింది. "ఎవరొస్తారు?"

"ఒక అమ్మాయి ఉందండీ. ఇంకా ఉన్నారేమో అడుగుతాను."

మరుసటి సాయంత్రానికి వరండాలో బల్ల పడింది. ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులోని కంప్యూటరు వచ్చింది. ప్రీతి వచ్చింది. ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటపెట్టుకుని వచ్చింది, ఎందుకంటే ఎలీషా గారింట్లో టిఫిను పెడతారని ఆ పాటికే వీధికి తెలిసింది. చర్చి గదికి ఇంతకాలం ఎవరూ రాకపోవడానికి గల కారణాలలో ఒకటి ప్రభావతి గారికి అప్పుడు బోధపడింది. అది ఏ పదసూచికలోనూ లేదు.

కబురు గుడివాడ చేరింది. జకరయ్య గారు బస్సులో వచ్చి వరండాలో దిగారు.

"నిజంగా చదువుతున్నారో, నాకు చూపించడానికి కూర్చోబెట్టావో తెలుసుకుందామని వచ్చా బావా."

"కూర్చో. కళ్ళారా చూడు."

కూర్చున్నవారు ఊరికే ఉండలేక సన్న పుస్తకం తీశారు. తాను పాడుకోలేకపోయిన పుస్తకాన్ని పాడుకున్నవాడి ఖర్చుతో చదవడంలో ఉన్న ఆనందం ఆయనను మరునాడూ, ఆ మరునాడూ రప్పించింది.

శనివారం సాయంత్రం ప్రీతి కొట్టిన ప్రోగ్రాము ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"పాడైపోయిందా? పక్కన ఒక్కటివ్వమ్మా, మా మోటారు అలాగే కదులుతుంది," అన్నారు ఎలీషా గారు.

ప్రీతి ప్రభావతి గారి వైపు చూసింది. జవాబు ఆవిడకు తెలుసు. ఆ తప్పు తానూ చేశారు. అయినా పుస్తకాన్ని ఆ అమ్మాయి వైపు జరిపారు. ప్రీతి పుస్తకం వెనక నుంచి తెరిచి, వేలు పెట్టి వెతికి, తప్పుల అధ్యాయంలో ఒక చోట ఆగింది. చాలాసేపు ఆగింది. తరువాత తెరిచి మూయడం మరచిన ఒక బ్రాకెట్టును మూసింది. ప్రోగ్రాము నడిచింది. "వచ్చిందండీ!" అని ఆ అమ్మాయి అరిచిన అరుపుకి, సన్న పుస్తకం చెప్పినట్టు ఊపిరి లెక్కపెడుతున్న జకరయ్య గారి లెక్క తప్పింది.

"మా పుస్తకం మరి!" అన్నారు ఎలీషా గారు.

ఆదివారం ఆరాధన అయ్యాక అబ్రహాము గారు గది దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన వెనక కుర్చీలు దొంతరలుగా ఎదురుచూస్తున్నాయి. ప్రభావతి గారు ఖాళీ బీరువాను ఒకసారి తుడిచి, కిటికీలు మూసి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు.

"బాధపడుతున్నారాండీ?"

"పడుతున్నానండీ," అన్నారావిడ. అబద్ధం చెప్పే అలవాటు లేదు. "కుర్చీలు తూర్పు గోడకు ఆనించకండి. అటు చెమ్మ దిగుతుంది."

"ఇంత తేలిగ్గా ఇస్తారనుకోలేదు. పోనీ ఓ వారం ఉంచుకుంటారా?"

ఆవిడ నిజంగానే ఆలోచించారు. గుమ్మంలో నిలబడి గదంతా ఒకసారి కలయజూశారు. "వద్దండీ. సాయంత్రాలు నాకిప్పుడు తీరిక ఉండడం లేదు."

ఆ రోజు సాయంత్రం వీధి మలుపు తిరుగుతుండగానే ఎలీషా గారి వరండా వినిపించింది.

"నిదానంగా చదువుతున్నాను బావా, అరవకు!" అని జకరయ్య గారు అరుస్తున్నారు.

"ఆ పేజీ నిన్ననే చదివావు! నా పుస్తకం అరగదీస్తున్నావు!"

ప్రభావతి గారు చెప్పులు విడిచి, ఇద్దరినీ దాటుకుని వెళ్ళి, ప్రీతి పక్కన కూర్చుని, "ఎక్కడి దాకా వచ్చావు?" అని అడిగారు.